కంది చేలో బాణం

ఎనభైల్లో, నాకు పెళ్లయిన కొత్తల్లో మాట. మాచర్ల దగ్గర అడవి అంచున మాకు కంది చేను ఉండేది. పూత మీదున్న చేనుని జింకలు మేసిపోతుంటే, మా ఆయన తెలిసిన చెంచుల దగ్గర విల్లు అడిగి తెచ్చారు. మామగారితో కలిసి సాయంత్రాలు కాపు కాసేవారు.

కార్తీకంలో ఒకరోజు, పొద్దంతా మిరపచేలో కలుపు తీసి, వాళ్లకు అన్నం తీసుకుని బయలుదేరాను. కాళ్లు లాగేస్తుంటే కంది సాళ్ల మధ్య కాసేపు కూర్చుని, అలాగే నిద్రపోయాను. మెలకువ వచ్చి లేవబోతే కొమ్మలు కదిలాయి. రివ్వున ఒక బాణం నా కొప్పుని రాసుకుంటూ పోయి వెనక నేలలో దిగింది.

"ఏమయ్యో, నేను!" అని అరిచాను.

మా ఆయన పరుగెత్తుకొచ్చి, నన్ను చూసి కూలబడ్డారు.

"జింకనుకున్నానే... ఏందే ఇది, ఎంత పని చేశాను!" అని ఏడ్చేశారు.

మామగారు విల్లు లాక్కున్నారు. "చేను పోతే పోయిందిరా. పిల్ల దక్కింది, అదే పదివేలు. పదండి ఇంటికి."

మేం గట్టు దాటకముందే జింకలు చేలో దిగాయి. అదిలించే ఓపిక ముగ్గురిలో ఎవరికీ లేకపోయింది.

ఆ ఏడు పంట సగమే చేతికొచ్చింది. ఆ సగమైనా ముగ్గురం కలిసి తిన్నాం కదా అనుకుంటాను ఇప్పటికీ.