పాడైతే తీసుకురండి

ఆమధ్య పేపర్లో మా లాయరమ్మ ఫొటో వేశారు. పెద్ద కంపెనీకి డైరెక్టరు అయిందట. ఫొటో కింద నాలుగు ముక్కలు రాశారు. న్యాయశాస్త్రం చదివారు, కోర్టులో ప్రాక్టీసు చేశారు, తరువాత వ్యాపారంలోకి వచ్చారు. అంతే! వచ్చారంటే ఎలా వచ్చారు? బస్సెక్కి వచ్చారా? అది చదివినప్పటి నుంచి నాకు ఒళ్లు మండుతోంది. ఆ "తరువాత" దగ్గరే కదా అసలు సంగతంతా ఉంది! అదంతా మా వీధిలో, మా కిటికీకి ఎదురుగానే జరిగింది. నా చదువు ఐదో తరగతితోనే ఆగిపోయింది. అయినా ఈ విషయంలో పేపరువాళ్లకంటే నాకే ఎక్కువ తెలుసు. ఎందుకంటే నేను అడుగుతాను. ఎవరింట్లో ఏం జరుగుతోందో అడిగి తెలుసుకోకపోతే నాకు తిన్నది అరగదు.

అప్పట్లో ఆవిడా, వాళ్లమ్మా మా పై వాటాలో ఉండేవాళ్లు. వాళ్లమ్మ బళ్లో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. మా అందరికీ టీచరమ్మ. కూతురు పొద్దున్నే నల్లకోటు చేతిమీద వేసుకుని, చంకలో కాగితాల కట్టతో మెట్లు దిగేది. నేను సరిగ్గా ఆ వేళకే ఆ మెట్లు ఊడుస్తుండేదాన్ని. కావాలనే లెండి.

"ఏం కేసమ్మాయ్ ఇవాళ?"

"చెప్పకూడదు పిన్నిగారూ."

"పేర్లు చెప్పకులే. కథ చెప్పు."

నవ్వేసి వెళ్లిపోయేది. ఒక్క కేసు సంగతి మాత్రం అడక్కుండానే నాకు తెలుసు. అది ఎదురింటిది.

ఎదురుగా రేకుల షెడ్డులో గొడుగుల కార్ఖానా ఉండేది. ఒక మూల ఊచలు వంచే మిషను. మధ్యలో పొడుగాటి బల్లమీద నల్లగుడ్డ పరిచి ముక్కలు కత్తిరించేవాళ్లు. కిటికీల వెంట కుట్టుమిషన్లు. వెనకాల ఓ చిన్న గది, దాని కప్పుకి చిల్లుల గొట్టాలు. తయారైన ప్రతి గొడుగునీ అక్కడ విప్పి, నీళ్లు వదిలి, కారుతోందేమో చూసేవాళ్లు. మా పెద్దమ్మాయి ఆ కుట్టుమిషన్లలో ఒకదాని మీద పనిచేసేది. మా అల్లుడు పరంజా మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాక వాళ్ల సంసారమంతా ఆ మిషను మీదే నడిచింది. అందుకే ఆ షెడ్డు తలుపు పొద్దున్నే కిర్రుమని తెరుచుకుంటే గానీ నా గుండె కుదుటపడేది కాదు.

ఆ కార్ఖానా పెట్టింది గొడుగుల తాతగారు. ఆ స్థలం నాదంటే నాదని ఆయనకీ ఆయన తమ్ముడికీ దావా. తాతగారి తరఫున మా లాయరమ్మ. వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. తాతగారి మీసాలు కూడా తెల్లబడ్డాయి. చివరికి ఆయనే గెలిచారు. తీర్పు వచ్చిన సాయంత్రం మా మెట్ల మీద కూర్చుని కండువాతో కళ్లొత్తుకున్నారు.

"గెలిపించావు తల్లీ. బాగానే ఉంది. ఇప్పుడీ గెలిచినదాన్ని నడిపేదెవరు? నాకా మోకాళ్లు లేవు, నా పిల్లలకా మనసు లేదు. మూసేస్తాను."

అప్పుడే పని వదిలి ఆడవాళ్లంతా షెడ్డులోంచి బయటికొస్తున్నారు. మా పెద్దది చీరకంటిన దారప్పోగులు దులుపుకుంటోంది. లాయరమ్మ వాళ్లవైపే చూస్తూ కూర్చుంది.

"మూయకండి. నాకివ్వండి, నేను నడుపుతాను. మీ వాటా మీకుంటుంది" అంది.

"గొడుగుల గురించి నీకేం తెలుసమ్మా?"

"ఏమీ తెలీదు. మీరు నా దగ్గరికి వచ్చిన రోజున స్థలం దావాల గురించి కూడా పెద్దగా తెలీదు. మీకు చెప్పలేదంతే."

తాతగారు నవ్వేశారు. "సరే, ఈ వానాకాలం చూద్దాం. సరుకు కదిలితే కార్ఖానా నీది. కదలకపోతే తాళం."

పైనుంచి టీచరమ్మ అంతా వింటూనే ఉంది. "ఇంత చదివించింది గొడుగులమ్మడానికటే? రేపోమాపో జడ్జివవుతావనుకున్నానే!"

"కోటూ నలుపే, గొడుగూ నలుపేనమ్మా. పెద్ద మార్పేం లేదు" అంది కూతురు.

ఆ మర్నాటి నుంచి నల్లకోటు మేకుకి ఎక్కింది. ఆవిడ ఒక్కో మిషను దగ్గరా స్టూలేసుకుని కూర్చుని నేర్చుకుంది. వేళ్లకి ఊచలు గుచ్చుకున్నాయి. నీళ్లగదిలో తలదాకా తడిసి, జుట్టు పిండుకుంటూ ఇంటికొచ్చేది. టీచరమ్మ రుసరుసలాడుతూనే తువ్వాలు అందించేది.

సరుకైతే తయారైంది. షాపులవాళ్లే పేచీలు మొదలెట్టారు. "రంగురంగుల గొడుగులొస్తున్నాయి, మీ నల్లవి ఎవరు కొంటారమ్మా?" అని. "మావి గట్టివి. గ్యారంటీ ఇస్తాం" అందీవిడ. ఇస్తే ఇచ్చింది గానీ, ఆ గ్యారంటీ ముక్క తనే కూర్చుని రాసింది. కార్డులు అచ్చేయించి, ఒక్కో పిడికీ ఒకటి దారంతో కట్టించింది. పట్టుమని వారం తిరక్కుండా షాపులవాళ్లు కట్టలు కట్టలు తిప్పి పంపేశారు.

సాయంత్రం కార్డు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. "ఇందులో తప్పేముంది పిన్నిగారూ? వినండి. ఈ గొడుగు అధిక వర్షము వలన గాని, గాలి వలన గాని, ఎండ వలన గాని, తరచుగా తెరచి మూయుట వలన గాని పాడైనచో మాకెట్టి బాధ్యతయు లేదు..." అక్కడిదాకా చదివి ఆగిపోయింది.

పని వదిలి నా దగ్గరికొచ్చి కూర్చున్న మా పెద్దది నెమ్మదిగా అంది, "అంటే బీరువాలో దాచుకుంటే గ్యారంటీ ఉంటుందన్నమాట."

పైన టీచరమ్మ పకాలుమంది. లాయరమ్మ మెట్టు మీద కూలబడి, కళ్లమ్మట నీళ్లు కారేదాకా నవ్వింది. ఆ నవ్వు ఆగాక మొహం వాడిపోయింది.

"ఇన్నాళ్లూ నా పని ఇదే కదా పిన్నిగారూ! అవతలివాళ్లు వేలు పెట్టే సందు లేకుండా రాయడం. చెయ్యి అలా అలవాటుపడిపోయింది."

కొత్త కార్డు అప్పటికప్పుడు అక్కడే రాసింది. "పాడైతే తీసుకురండి. బాగుచేసి ఇస్తాం." కింద కార్ఖానా చిరునామా. తాతగారు అది చూసి తల బాదుకున్నారు. "కొంప ముంచావే తల్లీ! వాన పడ్డ రోజున ఊరంతా మన గుమ్మంలోనే ఉంటుంది. అమ్మిన గొడుగులన్నీ వెనక్కొస్తే ఇక తాళమే!" ఆవిడ వినిపించుకోలేదు. షెడ్డు ముందు చూరు కింద రిపేరు బల్ల ఒకటి వేయించి, మా పెద్దదాన్ని కూర్చోబెట్టింది. ఈసారి షాపులవాళ్లు సరుకు ఉంచుకున్నారు.

పెద్దవాన రానే వచ్చింది. రాత్రంతా కురిసి, తెల్లారి కూడా వదల్లేదు. కిటికీ తీద్దును కదా, షెడ్డు ముందు బారు! ఒక్కొక్కరి చేతిలో ఊచలు విరిగి, గుడ్డ వేలాడుతూ ఒక్కో గొడుగు. బల్ల దగ్గర మా పెద్దది ఒక్కతే. కొంగు నెత్తిన కప్పుకుని వీధి దాటేశాను.

బారులో మొదటి మనిషి ఒక పెద్దాయన. లాయరమ్మ ఆయన గొడుగు అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది మాది కాదండీ."

"మీదని నేనన్నానా? మా పక్కింటివాళ్ల గొడుగుకి మీ కార్డు చూశాను, పాడైతే తీసుకురమ్మన్నారు. పాడైంది, తెచ్చాను."

వెనకాల ఉన్నావిడా అదే మాట. ఆ వెనకాయన తెచ్చింది వాళ్ల మామగారి కాలం నాటిదట. బారులో మన గొడుగులు వెతుక్కుంటే గానీ కనపడలేదు! లాయరమ్మ కార్డు తీసి మళ్లీ చదువుకుంది. "మా గొడుగు" అన్న మాట అందులో ఎక్కడా రాయలేదు. నిన్నటిదాకా చీమదూరే సందు ఇవ్వని మనిషి ఈసారి ఏనుగు పట్టేంత గుమ్మం తెరిచి పెట్టింది. ఆవిడ గొంతు సవరించుకుంటే కోర్టులో లేచినట్టే అనిపించింది నాకు. వాదిస్తే గెలిచి ఉండేది కూడా. తాతగారు పక్కనుంచి చెయ్యి ఊపుతున్నారు, పంపించెయ్యమని.

"రాసింది నేనేలెండి" అని నవ్వింది. "ఇలా ఇవ్వండి. లోపలికొచ్చి కూర్చోండి, తడుస్తున్నారు."

మిషన్ల మీదున్న ఆడవాళ్లంతా రిపేర్లకి దిగారు. వచ్చినవాళ్లు లోపల బెంచీల మీద కూర్చుని, నీళ్లగదిలో గొడుగులు తడపడం సినిమా చూసినట్టు చూశారు. పెద్దాయనైతే తనే ఒకటి పట్టుకుని ఆ గొట్టాల కింద నిలబడ్డాడు. చుక్క కారలేదు. పోతూ పోతూ అదే కొనుక్కుపోయాడు. ఆయన్ని చూసి మిగతావాళ్లు. ఇంకో మేలూ జరిగింది. వచ్చినవాటిలో సగానికి సగం ఒక్కచోటే, ఊచలు మడతపడే కీలు దగ్గర విరిగాయని మా పెద్దది కనిపెట్టింది. మనవాటికి అక్కడ బిగింపు రెట్టింపు చేశారు. వానాకాలం సగంలోనే సరుకు అయిపోయింది. తాతగారు తాళంకప్ప తెచ్చి లాయరమ్మ చేతిలో పెట్టారు. "ఇది నాకక్కర్లేదమ్మా. నువ్వు ఊరెళ్లినప్పుడు ఇంటికి వేసుకో."

తరువాత షెడ్డు పక్కన షెడ్డు వచ్చింది. రెయిన్‌కోట్లు వచ్చాయి, బడి సంచులు వచ్చాయి. ప్రతిచోటా రిపేరు బల్ల మాత్రం ముందు గుమ్మంలోనే. వాటన్నిటికీ ఇప్పుడు మా పెద్దదే పెద్దదిక్కు. అల్లుడు కర్ర పట్టుకుని నడుస్తూ వెళ్లి, పిడులు బిగించే పని చేస్తున్నాడు. వాళ్ల పొయ్యి ఒక్క పూట కూడా ఆరలేదు. నేను చెయ్యెత్తి దణ్ణం పెట్టబోతే లాయరమ్మ నా చేతులు పట్టుకుని దించేస్తుంది.

ఇప్పుడీ ఫ్యాన్లూ మిక్సీలూ చేసే పెద్ద కంపెనీవాళ్లు పిలిచి డైరెక్టర్ని చేశారు. మొన్న షెడ్డుకి వచ్చినప్పుడు పట్టుకున్నాను. "అక్కడేం చేస్తావమ్మాయ్?"

"పెద్ద బల్ల చుట్టూ కూర్చుంటాం. అందరూ లెక్కలు చెబుతారు. నేను ఒక్కటే అడుగుతాను పిన్నిగారూ, పాడైతే ఎక్కడికి తీసుకెళ్లాలి అని."

"ఏమంటారు?"

"మొదటిసారి బల్లకేసి చూశారు. ఈమధ్య నన్ను చూడగానే వాళ్లే మొదలెడుతున్నారు."

"మరి పేపర్లో మా వీధి మాటే లేదేం?"

"వాళ్లు అడగలేదు పిన్నిగారూ. అడిగేది మీరే కదా!"

వెళ్తూ షెడ్డు తలుపు లాగింది. అదింకా కిర్రుమంటూనే ఉంది. నూనె వేయిస్తానంటే నేనే వద్దన్నాను. పొద్దున్నే అది వినపడ్డాకే నేను స్టవ్వు వెలిగిస్తాను.