పదకొండు అంకెల నది

పుర్రెకో బుద్ధి అన్నారు. కొందరు స్టాంపులు దాస్తారు, కొందరు పాత కోపాలు దాస్తారు. కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీసే ఆవిడ మాత్రం పెన్నులు దాచేది. రాసుకునే పెన్నులేమీ కావు. రాయమంటే వాటిలో సగం మొరాయిస్తాయి. పై సగం గాజులా కనబడే గొట్టం, అందులో చిక్కటి నూనె, నూనె వెనక ఏదో ఒక ఊరి బొమ్మ. పెన్నును ఇటు వంచితే ఆ ఊళ్ళో ట్రాము మెల్లగా తేలుతూ కదులుతుంది, అటు వంచితే వెనక్కి వస్తుంది. ఊళ్ళు చూడబోయినవాళ్ళు గుర్తుగా కొని తెచ్చుకుని, వారం తిరక్కుండానే సొరుగులో పడేసి మరిచిపోయే సరుకు. అలాంటివి ఆవిడ దగ్గర నూట అరవై మూడు పోగయ్యాయి. వీధి మొత్తానికి ఆవిడ పేరు పెన్నులావిడ.

ఆవిడ పని చూపుతోనే. మేడ మీది కంటి డాక్టరు చీటీ రాస్తే అది కింద దుకాణానికి వస్తుంది. గుండ్రటి అద్దాన్ని తిరిగే రాయి మీద పెట్టి, నీళ్ళు చిందుతుండగా, ఫ్రేము ఆకారానికి అరగదియ్యాలి. అంచుల పదును తీసి బిగించాలి. చివరికి పవరు కొలిచే యంత్రంలో ఎడమ కన్ను మూసి, కుడి కంటితో మధ్య గీత సరిగ్గా కూర్చుందో లేదో చూడాలి. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. దేన్నయినా శ్రద్ధగా చూడాలంటే ఎడమ కన్ను దానంతటదే మూసుకుపోయేది. గోడ గడియారానికీ అంతే, వంకాయలకీ అంతే. కూరగాయలతను మొదట్లో కాస్త కంగారు పడ్డాడు గానీ, తర్వాత సర్దుకున్నాడు.

ఆవిడ ఉండేది అదే వీధిలో ఒక ఇంటి మెట్ల పైన రెండు గదుల్లో, ఆడపడుచుతో కలిసి. ఆ ఆడపడుచు బస్‌స్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఏది బయల్దేరుతోందో చెప్పే మనిషి. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే వయసు కాబట్టి ఒకరినొకరు వదినా అనే పిలుచుకునేవారు. కింది వాటాలోవాళ్ళకు ఎవరు ఎవరిని కేకేస్తున్నారో అంతుపట్టేది కాదు. ఒకరి కన్నూ ఒకరి గొంతూ కలిసి ఆ ఇల్లు గడిచిపోయేది.

మొదటి పెన్ను తెచ్చింది పెన్నులావిడ భర్త. దూరప్రయాణాల బస్సు నడిపేవాడు. పెళ్ళయిన కొత్తలో, దారిలో టీ కోసం ఆగిన చోట కొన్నాడట. నది బొమ్మ. ఎడమ ఒడ్డున ఎర్ర పెంకుల ఇల్లు, కుడి ఒడ్డున గడియారపు స్తంభం, మధ్యలో వేలి గోరంత తెల్ల పడవ. ఆవిడ మొదటిసారి పడవ వెంటే కళ్ళు పరిగెత్తిస్తుంటే ఆయన నవ్వాడు.

"పడవని చూడకు. మేం బండి నడిపేటప్పుడు ముందు చక్రాన్ని చూస్తామా? చేరాల్సిన చోటు చూడు. పడవ దానంతటదే వస్తుంది."

అప్పట్నించీ ఆవిడ అలాగే చూసేది. చూపు గడియారపు స్తంభం మీద నిలిపి, పెన్ను వంచి, పెదవులు కదపకుండా అంకెలు లెక్కపెట్టేది. పదకొండు అనేసరికి పడవ వచ్చి ఒడ్డున ఆగేది. ఆయన గుండెజబ్బుతో పోయి తొమ్మిదేళ్ళయింది. పడవ మాత్రం పదకొండు అంకెలకు ఏనాడూ ఆలస్యం కాలేదు.

తర్వాతి పెన్నులన్నీ దుకాణానికి వచ్చేవాళ్ళు తెచ్చినవే. ప్రయాణం కోసం కొత్త కళ్ళజోడు చేయించుకునేవాళ్ళు "మీకేం తెమ్మంటారు?" అని మాటవరసకి అడిగేవారు. ఆవిడ మాటవరసకి కాకుండా "పెన్ను" అనేది. తాను మాత్రం ఊరి పొలిమేర దాటి ఎరగదు. వాటిని ఖాళీ కళ్ళజోడు పెట్టెల్లో నాలుగేసి చొప్పున పడుకోబెట్టేది. ఆ ఊళ్ళ పేర్లు ఆవిడకు పట్టవు. బొమ్మ ఈ చివర నుంచి ఆ చివరకు చేరడానికి ఎన్ని అంకెలు పడితే అదే ఆ ఊరి పేరు. నాలుగంకెల ఊళ్ళో జనం తొందర మనుషులని ఆవిడ నమ్మకం. అక్కడ టీ కూడా నిలబడే తాగుతారు. ఇరవై అంకెల ఊళ్ళో ఒక తిమింగలం ఉండేది. అక్కడ ఎవరూ ఎవరినీ కోప్పడరు, కోపం వచ్చేలోగా మధ్యాహ్నం అయిపోతుంది.

ఆదివారం మధ్యాహ్నాలు కిటికీ తెర లాగి, నేల మీద పెట్టెలన్నీ పరిచేది. ఒక్కొక్క పెన్నూ వంచుతుంటే గది గోడలు ఎటో వెళ్ళిపోయేవి. మంచు కొండ మీంచి ఒకడు జారేవాడు. ఎత్తైన భవనంలో లిఫ్టు పైకి పాకేది. రైలు వంతెన మీదుగా, చప్పుడు లేకుండా, ఎవరినీ ఎక్కించుకోకుండా వెళ్ళేది. ఆవిడకు తాను కూడా ఆ నూనెలోనే ఉన్నట్టు, తననూ ఎవరో మెల్లగా ఇటు నుంచి అటు వంచుతున్నట్టు ఉండేది. పక్కగదిలో ఆడపడుచు నిద్రలో బస్సు నంబర్లు గొణిగేది. ఆవిడకు అంతకు మించిన సుఖం తెలియదు.

అలాంటి ఒక ఆదివారం పడవ మునిగింది.

ఐదు దగ్గర మాయమైంది. ఆరు అన్నప్పుడు నది మీద ఏమీ లేదు. ఏడు దగ్గర మళ్ళీ తేలింది. ఆవిడ పెన్నును తుడిచింది, దులిపింది, మళ్ళీ వంచింది. మళ్ళీ అంతే. చూపు ఎర్ర పెంకుల ఇంటి మీద నిలిపే తిరుగు ప్రయాణంలో మాత్రం మునగలేదు. నూనె చెడిందనుకుంది. తర్వాతి ఆదివారం ట్రాము కూడా వీధి మధ్యలో అలాగే పోయి వచ్చింది. ఆపై వంచి చూసినవాటిలో లిఫ్టు తప్ప అన్నీ. పెన్నులకు ఏదో అంటుజబ్బు పట్టినట్టు ఒకదాని తర్వాత ఒకటి. పాడైనవాటికి దారం కట్టి వేరే పెట్టెలో వేస్తూ పోయింది. పందొమ్మిది అయ్యాయి.

వెళ్ళేటప్పుడే మునిగి, వచ్చేటప్పుడు మునగకపోవడం ఏమిటని ఆవిడకు అనుమానం రాకపోలేదు. కానీ మనసుకు కారణం కావాలి, సరైనదే కానక్కరలేదు. అంతకు నెల ముందు ఆడపడుచు ఇల్లు దులుపుతూ పెట్టెలన్నీ తెరిచి ఒక పూటంతా కిటికీ గట్టు మీద పెట్టింది. ఎండ తగిలితే లోపలి రంగులు వెలిసిపోతాయి. ఇంకేం కావాలి? దొంగ దొరికిపోయాడు.

"మీ అన్నయ్య ఇచ్చిన పెన్ను అది," అంది పెన్నులావిడ. "నీ చేతుల్లో పోయింది వదినా. నీకు పెన్నులంటే మొదట్నించీ చులకనే. అన్నయ్య అంటే కూడా అంతేనేమో."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. అన్నాక తనకూ తెలిసింది. కానీ నోరు జారిన మాటను ఏ పెన్ను వంచితే వెనక్కి వస్తుంది? రోజంతా ఊరికి వినబడేలా మాట్లాడే ఆడపడుచు పక్కగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. మర్నాటి నుంచి ఇంట్లో ప్రకటనలు మాత్రమే మిగిలాయి. టీ చల్లారుతోంది. నీళ్ళు వచ్చాయి. తలుపు గడియ పెట్టుకోవాలి. నాలుగో రోజు ఇంకో ప్రకటన వచ్చింది.

"బస్‌స్టాండు వెనక డ్యూటీ గది ఒకటి ఖాళీ అయిందట. ఆదివారం మారిపోతాను."

వద్దనాలని పెన్నులావిడకు నోటిదాకా వచ్చింది. అభిమానం అడ్డుపడింది. ఆదివారం దాకా ఇద్దరూ మూతులు ముడుచుకునే గడిపారు.

ఆదివారం ఆడపడుచు సంచి సర్దుకుని గుమ్మం దగ్గర నిలబడింది. "ఆ నది పెన్ను నాకివ్వు వదినా. ఎలాగూ పాడైందిగా. అన్నయ్య గుర్తు నా దగ్గర ఒక్కటీ లేదు."

తొమ్మిదేళ్ళలో ఆడపడుచు ఆ మాట అడగడం అదే మొదలు. పెన్నులావిడ సిగ్గుపడుతూ దారం విప్పి పెన్ను చేతిలో పెట్టింది. ఆడపడుచు వెలుతురు వైపు తిరిగి పెన్ను వంచింది. మళ్ళీ వంచింది.

"ఇది బాగానే పోతోందే."

"పోదు. ఐదు దగ్గర మునుగుతుంది," అంది పెన్నులావిడ.

"ఎక్కడ మునిగింది? నేను చూస్తూనే ఉన్నాను."

"నీకు చూడ్డం రాదు. ఇలా తే." పెన్నులావిడ ఎడమ కన్ను మూసి, చూపు గడియారపు స్తంభం మీద నిలిపి, పెన్ను వంచింది. "మూడు, నాలుగు, ఐదు. చూశావా, పోయింది. ఏడు. ఇదిగో వచ్చింది."

ఆడపడుచు పెన్నును చూడటం లేదు. వదిన ముఖాన్ని చూస్తోంది.

"ఆ కన్నెందుకు మూశావు?"

"చూసేటప్పుడు మూయనా మరి?"

"తెరువు వదినా. రెండూ తెరిచి చూడు."

తెరిచింది. ఒకటి నుంచి పదకొండు దాకా పడవ హాయిగా వచ్చి ఒడ్డున ఆగింది. కుడి కన్ను మూసి చూసింది. పడవ మునగలేదు. ఎడమ కన్ను మూసింది. ఐదు దగ్గర నది ఖాళీ.

ఆవిడ మెల్లగా నేల మీద కూర్చుండిపోయింది. ఇరవై రెండేళ్ళు డాక్టరు చీటీలు చదివిన మనిషికి ఇంకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. నూట అరవై మూడు పెన్నుల్లో ఒక్కటీ పాడవలేదు.

"నిన్ను అన్యాయంగా అన్నాను వదినా," అంది. "మీ అన్నయ్య మాట కూడా ఎత్తాను. నాకు భయమేస్తోంది."

ఆడపడుచు సంచి దింపి పక్కన కూర్చుంది. "ఆడలేక మద్దెల ఓడంటారే, అలా ఉంది నీ వరస," అంది. అంటూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తనవి కావు, వదినవి.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ మేడెక్కారు. డాక్టరు పరికరాలన్నీ పెట్టి చూసి నిట్టూర్చాడు.

"నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం దెబ్బతింటోంది. కుడి కంట్లో ముక్కు వైపు చూపు ఒక ముక్క పోయింది. ఇన్నేళ్ళు నా కిందనే పనిచేస్తూ ఒక్కసారీ ఈ కుర్చీలో కూర్చోలేదేమమ్మా?"

దీపం కింద చీకటి ఊరికే అనలేదు. పోయిన చూపు తిరిగి రాదన్నాడు. రోజూ చుక్కలు వేసుకుంటే ఉన్నది నిలుస్తుందన్నాడు. ఇంకో రెండేళ్ళు ఆగి ఉంటే ఆ మాట కూడా చెప్పలేకపోయేవాడినన్నాడు.

"పని చేసుకోవచ్చా అండీ?" అని అడిగింది పెన్నులావిడ.

"చేసుకోవచ్చు. ఇక ఎడమ కంటితో కొలవడం నేర్చుకో. అవునూ, చాలామందికి ఇది చివరిదాకా తెలియదు. నీకెలా తెలిసింది?"

"పడవ మునిగిందండి."

డాక్టరుకు అర్థం కాలేదు. ఆడపడుచుకు నవ్వాగలేదు.

డ్యూటీ గది ఇంకెవరికో ఇచ్చేశారు. సంచి ఎప్పుడు విప్పిందో ఎవరూ గమనించలేదు. పొద్దునా సాయంత్రమూ ఆడపడుచే చుక్కలు వేసేది. "కుడి కన్ను, ఒకటో నంబరు," అని ప్రకటించి మరీ వేసేది. దారాలు విప్పిన పందొమ్మిది పెన్నులూ తమ తమ పెట్టెల్లోకి వెళ్ళిపోయాయి. దుకాణంలో పెన్నులావిడ ఇప్పుడు కుడి కన్ను మూస్తోంది. కూరగాయలతను మళ్ళీ కొత్తగా కంగారు పడ్డాడు.

ఆదివారం వచ్చింది. తెర లాగారు. పెన్నులావిడ నది పెన్ను తీసి, ఎడమ కన్ను మూసింది.

"రెండూ తెరిచి చూడొచ్చుగా," అంది ఆడపడుచు.

"చూస్తాను. ఒక్కసారి ఈ కంటితో చూడనీ. ఆయన ఉన్నప్పుడు దీంతోనే చూశాను."

చూపు గడియారపు స్తంభం మీద నిలిపింది. పెన్ను వంచింది. మూడు, నాలుగు. ఐదు దగ్గర నది ఖాళీ అయింది.

అప్పుడు పక్కనుంచి, రోజూ ఊరు వినే ఆ నిదానమైన గొంతు వినిపించింది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. పడవ ప్రస్తుతం నది మధ్యలో ఉంది. నాకు కనబడుతోంది. మరి కొద్ది క్షణాల్లో గడియారపు స్తంభం చేరుతుంది. ఎవరూ కంగారు పడనక్కరలేదు."

ఏడు దగ్గర పడవ తేలింది. పెన్నులావిడ పదకొండు దాకా లెక్కపెట్టి, పడవను మళ్ళీ ఎర్ర పెంకుల ఇంటి వైపు వంచి తెచ్చుకుంది.

"మళ్ళీ చెప్పు వదినా," అంది.