ఎవ్వలు లేని గది

ఆ రోజుల్లో నాకు గోడల మీద కక్ష ఉండేది. ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో, గోడకు ఇవతల నుంచి అవతలి మనిషిని పట్టే రాడారు చేస్తానని, పక్కన ముగ్గురమ్మాయిలు వింటున్నారన్న ధైర్యంతో మా గైడు సారుకు మాటిచ్చాను. (ఆ ముగ్గురూ వాననీళ్లు కొలిచే ప్రాజెక్టు తీసుకుని క్షేమంగా ముగించారు.) రాడారంటే అట్టపెట్టెకు బిగించిన రెండు యాంటెన్నాలు, ఒక లాప్‌టాప్, అంతే. కన్నడ సరిహద్దు ఊరు చిద్రిలో నేను అద్దెకున్న గదికీ, ఇంటివాళ్ల గదికీ మధ్య మూరెడు మందం ఎర్రరాతి గోడ ఉండేది. తరంగం పంపితే ముందుగా ఆ గోడే తిప్పికొట్టేది. తెర నిండా గోడే. మనిషిని తాకి వచ్చే జవాబు పెళ్లి బ్యాండు పక్కన గుసగుసలా అందులో కలిసిపోయేది. సోమవారం ఇంటికొచ్చి చూస్తాననీ, మనిషి కనబడకపోతే వచ్చే ఏడాది మళ్లీ కలుద్దామనీ సారు ప్రశాంతంగా చెప్పారు. ఊళ్లో మా నాన్న అప్పటికే నన్ను ఇంజనీరుగా ప్రకటించేశాడు. నాకు నిద్ర పట్టలేదు.

ఉపాయం కూడా సారే చెప్పారు. ముందు ఖాళీ గదిని కొలిచి దాచుకోవాలి. తర్వాత మనిషి ఉన్నప్పుడు కొలిచి, అందులోంచి ఖాళీ గదిని తీసేయాలి. గోడ పోతుంది, మనిషి మిగులుతాడు. ఆదివారం ఇంటివాళ్లు చర్చి నుంచి వచ్చాక నేను వాకిట్లోంచి అడిగాను. "అత్తమ్మా, లోపలి గదిల ఎవలన్న ఉన్నరా?" నేను అత్తమ్మా అని పిలిచే ఇంటావిడ బియ్యం ఏరుతూ, "ఎవ్వల్లేరు బిడ్డా" అంది. నేను కొలిచి, దాచుకుని, చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

సోమవారం సారు వచ్చారు. ఇంటాయన, అంటే నేను మామా అని పిలిచే ఆయన, రిటైరైనప్పటి నుంచి లోపలి గదిలో కుర్సీలో కదలకుండా కూర్చునే మనిషి. అంతకంటే మంచి మనిషి నా ప్రయోగానికి దొరకడు. మీట నొక్కాను. గోడ మాయమైంది. మామ కూడా మాయమయ్యాడు. తెర కడిగిన పళ్లెంలా ఉంది. సారు గడియారం చూసుకున్నారు. ఇంతలో అత్తమ్మ చాయ్‌కి పిలిస్తే మామ లేచి వాకిట్లోకి వచ్చాడు. సరిగ్గా అప్పుడు, ఖాళీ గదిలో, కుర్సీ ఉన్నచోట, మనిషంత మచ్చ వెలిగింది.

"ఖాలీ రూమినల్లి యారప్పా కూతిద్దారె?" అన్నారు సారు. (ఖాళీ గదిలో కూర్చున్నదెవరని.) నేను వాకిట్లోకి పరుగెత్తాను.

"అత్తమ్మా, నిన్న నేనడిగినప్పుడు మామ యాడున్నడు?"

"యాడికి పోతడు? లోపట కుర్సీల్నే ఉండె."

"ఎవ్వల్లేరన్నవు గద."

"ఎవ్వల్లేకుండె బిడ్డా. మీ మామనే ఉండె."

ఖాళీ గదితో పాటు మామను కూడా కొలిచి దాచుకున్నానన్నమాట. ఆయన ఉన్నంతసేపూ లెక్కలోంచి తీసేశాను. లేచిపోగానే ఆ లోటు మచ్చై తేలింది. సారుకు ఇదంతా వివరిస్తుంటే మామ చాయ్ సాసర్లో పోసుకుంటూ విన్నాడు. "ఇంట్ల గూడ నా కథ గింతే బిడ్డా" అన్నాడు. "కూసున్నంతసేపు ఎవలకు కనబడ. లేస్తె మాత్రం యాడికి పోతున్నవని అడుగుతరు." సారు నవ్వారు. అత్తమ్మ నవ్వలేదు, ఆయన సాసర్లో మరికాస్త చాయ్ పోసింది.

మామను వాకిట్లోనే కూర్చోబెట్టి ఖాళీ గదిని మళ్లీ కొలిచాను. ఈసారి లోపలికి వెళ్లేముందు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని తల దువ్వుకున్నాడు. (రాడారుకు చొక్కా కనబడదని చెప్పాను. వినలేదు.) గోడ పోయింది, మామ మిగిలాడు. సారు సంతకం పెట్టి వెళ్లిపోయారు.

మామ బయటికొచ్చి మెల్లగా అడిగాడు. "కనబడ్డనా?"

అప్పటి నాకు అదీ వైవా ప్రశ్నే. "రెండు పాయింటు అయిదు మీటర్ల దూరంల కనబడ్డవు మామా" అని దశాంశంతో సహా జవాబిచ్చాను. ఆయన తలూపి, చొక్కా గుండీ విప్పుకుంటూ లోపలికి వెళ్లాడు. ఆనాటి ఆ తెలివైనవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. "మంచిగ కనబడ్డవు మామా" అంటే సరిపోయేది.