చినిగిన గుడ్డలడిగే ఆయా

యుద్ధం రోజుల్లో గుడ్డ దొరకడమే గగనంగా ఉండేది. అలాంటప్పుడు, నగర్తపేటలో మా వఠారంలో ఉండే ఆయా మంచి గుడ్డ ఇస్తే వద్దనేది. దండులో, అంటే తెల్లవాళ్ళుండే కంటోన్మెంటులో, ఒక దొర ఇంట పిల్లలను చూసుకునే మనిషి. ఎవరేమిచ్చినా వెలుతురుకు ఎత్తి పట్టి, చిరుగులోంచి వాళ్ళ ముఖం వంక చూసేది.

"చినిగిందుంటే ఇయ్యప్పా, బాగుండేది నాకెందుకు?" అనేది.

దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు కూడా అడిగేసరికి, చేతబడి చేస్తోందని వఠారమంతా గుసగుసలు మొదలయ్యాయి.

ఒక సాయంత్రం ఇంటి యజమాని అందరి ముందూ ఆమె పెట్టె తెరిపించాడు. మసి పూసిన దుప్పటి, దానికి కుట్టిన జడలు, ఎర్రగుడ్డ నాలుక బయటపడ్డాయి.

"దొర పిల్లోళ్ళకు దయ్యాల పండగ ఉండాదప్పా. కొనే వేషాలు ఇప్పుడు యాడుండాయి? దొరసాని నన్నే కుట్టమనింది."

పత్రికలో పనిచేస్తున్నా అలాంటి పండుగ ఉందని నేను వినలేదు.

"కావాలని దయ్యమయ్యే పిల్లోళ్ళు యాడన్నా ఉంటారా? ఏదీ, యేసి చూపించు," అన్నాడు యజమాని.

గది పోతుందన్న భయంతో ఆమె గబగబా దుప్పటి కప్పుకుని, చేతులు చాచి గుండ్రంగా తిరిగింది. ఎవరూ జడుసుకోలేదు. ముసుగు తీసి, చెమట తుడుచుకుంటూ నవ్వింది. ఆమె నవ్వగా మేము చూడటం అదే మొదలు.

"ఇంక నమ్మితివా అప్పా?"

యజమాని వెనక్కి జరిగాడు.

"దయ్యంగా ఉండేటప్పుడు ఏమీ కాలేదు తల్లీ. అది తీసి నవ్వితివి చూడు, అప్పుడు నా గుండె జల్లుమనింది. పొద్దున్నే గది ఖాళీ చెయ్యి."