ఏసీలో అడ్డచుట్ట వాసన

మా అమ్మమ్మ అడ్డచుట్ట తాగేది. అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, రెండో కొస బయటికి ఉంచి. మా వైపు ముసలివాళ్లకి ఇది మామూలే. చీపురుపల్లిలో మా ఇంట్లో ఏసీ ఉన్న గది ఒక్కటే. కిందటి వేసవంతా ఆ గదిలో తలుపులు మూసుకుని, ఏసీ కిందే నేల మీద కూర్చుని తాగేది. వద్దంటే వింటేనా. రెండు పొడి దగ్గులు దగ్గి, ఒక పొడుగు ఊపిరి తీసేది. చలికాలంలో పోయింది. ఆ గది మూసేశాం.

ఎండలు ముదిరాక గది తెరిచి ఏసీ వేశాను. మొదటి గాలికే ఆ వాసన వచ్చింది, తడిసిన చుట్ట వాసన. నా వెనకే వచ్చిన అమ్మ చేతిలోని పళ్లెం కింద పెట్టేసి, "అమ్మ ఎక్కడికీ ఎల్లనేదే, ఇక్కడే ఉన్నాది," అంది. వాసన పోతుందేమోనని ఆ రోజు నుంచి తలుపు కూడా పూర్తిగా తియ్యనిచ్చేది కాదు.

నేను నవ్వి ఊరుకునేదాన్నే. కానీ బడికి సెలవులిచ్చారు, నా కూతురు మధ్యాహ్నాలు ఆ గదిలో పడుకోవడం మొదలుపెట్టింది. దానికి దగ్గు పట్టుకుంది. ఒకరోజు వంటింట్లో ఉండగా విన్నాను. రెండు పొడి దగ్గులు, తర్వాత ఒక పొడుగు ఊపిరి. చదువుకున్నదాన్నే, అయినా ఒళ్లు జలదరించింది. డాక్టరు పిల్ల ఛాతీ విని, పడుకునే గదిలో చెమ్మ గానీ బూజు గానీ ఉందా అని అడిగాడు.

ఏసీ మెకానిక్కుని పిలిస్తే అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది.

"దాన్ని ముట్టుకోకండి. కడిగేస్తే అమ్మ ఎలిపోతాది."

నాకు ఒళ్లు మండింది. "గుంట దగ్గు నీకు ఇనబడతన్నాదా, నేదా?" అన్నాను. అమ్మ పాప వైపు చూసింది. తప్పుకుంది.

అతను ముందు మూత తీశాడు. గాలి తిప్పే చక్రం నిండా నల్లటి బూజు, దాని అడుగున పొగ పట్టిన పచ్చటి జిగురు. కింద ప్లాస్టిక్ సంచి కట్టి నీళ్లు కొడితే బకెట్లోకి నల్లగా దిగింది. "ఆపే ముందు కాసేపు ఫ్యాన్ మీద తిప్పండమ్మా, తడి ఆరిపోతాది," అని చెప్పి వెళ్లాడు. ఆ నీళ్లు అమ్మ కాలవలో పొయ్యనివ్వలేదు. తానే మోసుకెళ్లి పెరట్లో పోసి, పక్కనే చాలాసేపు నిలబడింది.

పాప దగ్గు తగ్గింది. గదిలో ఏ వాసనా లేదు. అమ్మకి మాత్రం అన్నం సయించేది కాదు.

తర్వాత ఒక మధ్యాహ్నం పాపా నేనూ వరండాలో కూర్చుని ఉండగా, ఆ గదిలోంచి దగ్గు వినిపించింది. రెండు పొడి దగ్గులు, పొడుగు ఊపిరి. పాప నా చీర పట్టుకుని, "తాతమ్మ," అంది మెల్లగా.

వెళ్లి తలుపు తీశాను. ఏసీ తిరుగుతోంది. దాని కింద, అమ్మమ్మ కూర్చునే చోటే, అమ్మ కూర్చుని ఉంది. పుట్టి బుద్ధెరిగి చుట్ట ముట్టని మనిషి. నిప్పున్న కొస నోట్లో ఉంది, కళ్లంట నీళ్లు కారుతున్నాయి. నన్ను చూసి చుట్ట చేతిలోకి తీసుకుంది.

"వాసన నేకపోతే, అమ్మొచ్చినా గది ఎలాగ పోల్సుకుంటాది సెప్పు?"

పాపని బయటే ఉండమని తలుపు వేశాను. ఏసీ ఆపి, కిటికీలన్నీ తీసి, ఆ చుట్ట అయిపోయేదాకా అమ్మ పక్కనే కూర్చున్నాను.