డోరీన్ పారేసిన సోఫా

ప్రెస్టన్‌లో ఒక వీధివాళ్ళకి డోరీన్ హాకెట్ అంటే బడి ముందు 'ఆగు' పలక పట్టుకుని పిల్లల్ని రోడ్డు దాటించే మనిషి. ఆవిడ పలక ఎత్తితే ఎంత పెద్ద లారీ అయినా నిలబడాల్సిందే. రిటైరయ్యాక పలక ఇంటికొచ్చింది. అధికారం మాత్రం ఆవిడ నోట్లో ఉండిపోయింది. ఆ నోటికి రోజూ చిక్కేవాడు ఎదురింటి స్పిరో.

ఏడాదికోసారి ఊరి కౌన్సిల్ చెత్త లారీ పాత సామాన్లు పట్టుకెళ్తుంది. ముందురోజే అందరూ విరిగిన కుర్చీలూ పరుపులూ ఇంటి ముందు గడ్డి మీద పెడతారు. అక్కడ పెట్టాక ఎవరికి నచ్చితే వాళ్ళదే. స్పిరో తోపుడుబండితో వీధంతా తిరుగుతాడు.

"సిగ్గులేదటయ్యా? ఊరి చెత్తంతా నీ షెడ్డులోనే ఉంది," అనేది డోరీన్.

"నిన్నింకా ఎవరూ బయట పెట్టలేదుగా. పెడితే ఆలోచిస్తా," అనేవాడు స్పిరో.

ఈసారి డోరీన్ కూడా అడుగున చిరిగిన సోఫా ఒకటి బయట పెట్టించింది. మర్నాడు పొద్దున్నే గిన్నెలో తిండి వేసి మార్బుల్‌ని పిలిచింది. పిల్లి రాలేదు. భర్త పోయాక ఆ ఇంట్లో ఆవిడకి తోడున్న ప్రాణి అదొక్కటే. ఆ సోఫా చిరుగులో దూరి పడుకోవడం దానికి అలవాటని అప్పుడు గుర్తొచ్చింది. బయటికి పరిగెత్తి చూస్తే గడ్డి మీద సోఫా లేదు. వీధి చివర లారీ ఒక బీరువాని ఫెళఫెళా నలిపేస్తోంది.

తలుపు పక్కనున్న పలక లాక్కుని, నైటీతోనే వెళ్ళి లారీకి అడ్డంగా నిలబడింది.

"ఆపు. అదిగో, ఆ ఇంటి ముందు సోఫా ఎక్కించారుగా, అందులో నా పిల్లి ఉంది."

డ్రైవర్ దిగొచ్చాడు. "మీ ఇంటి ముందు సోఫా ఏదీ లేదమ్మా. మేమొచ్చేసరికే ఖాళీ."

ఇంతలో స్పిరో తన గేటు దగ్గర్నుంచి కేకేశాడు. "డోరీన్, అది నిన్న సాయంత్రమే నేను లాక్కొచ్చాను. కిర్రుమంటుంటే స్ప్రింగులనుకుని నూనె కూడా పోశాను. ఇప్పుడే చూశా, లోపల నీ పిల్లి."

షెడ్డులో మార్బుల్ ఒళ్ళంతా నూనెతో చేపముక్క తింటోంది. డోరీన్‌కి ప్రాణం లేచొచ్చింది. ఆ సోఫాలోనే కూలబడి, పిల్లిని ఒళ్ళోకి తీసుకుని ఏడ్చేసింది.

"కడుపులో పాలు పోశావు స్పిరో."

"నైటీకి నూనె అంటుతుంది," అన్నాడు స్పిరో.

మరుసటి ఏడు డోరీన్ ఒక పాత బల్ల బయట పెట్టించింది. తన గడ్డి మీద కాదు, స్పిరో గేటు ముందు.

"నువ్వు వద్దంటేనే లారీకి. సొరుగులు చూశాలే, లోపల ఎవరూ లేరు."

అయినా స్పిరో ఒక్కో సొరుగూ లాగి చూశాడు.