నీలమ్మ పెట్టిన మిర్చి పొగ

రాజన్నా, చదవని నవలను దండుగ అంటున్నవు. తప్పు. చదివి తిట్టు, లేకుంటే ఊకో. ఆ ముక్క తెలిసేసరికి పోయిన వారం లైబ్రరీల అందరి ముందర నా పరువు పోయింది. చాయ్ తాగుకుంట విను.

మన ఊరి బురుజు మీద కరీంనగర్ల ఒకాయన చారిత్రక నవల రాస్తున్నడు గద. వారపత్రికల వస్తది. మా కోడలు లైబ్రరీ నుంచి ఆ పత్రిక తెచ్చి చదివితే, మా ఇంటామె సత్తవ్వ, వాడకట్టు ఆడోళ్ళు మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంట వింటరు. ఒక్క ముక్క చదవకుండనే నాకు నచ్చలే. నాలుగో జమాత్ దాకనే చదివిన గని, అబద్ధం నాకు పడదు. పోలీస్ యాక్షన్ నాటి సంగతే ఇద్దరు రెండు తీర్ల చెప్తరు, రాజుల కాలం సంగతి ఈయనకెట్ల తెలుసు? పత్రిక బంద్ పెట్టాలని లైబ్రరీ కమిటీల పట్టుబట్టిన. కమిటీ ఆ రచయితనే పిలిపించింది. ఆడోళ్ళు ఒక్కరు తప్పకుండ వచ్చి గోడవార కూసున్నరు. దినమంతా పనిజేసే వాళ్ళకు ఉన్న సంబురం అదొక్కటే మరి.

నేను లేచి, "అయ్యా, మీరు రాసేది కల్పన. అసలు చరిత్ర మా ఆడోళ్ళ బతుకమ్మ పాటల ఉన్నది" అన్న. దండు వస్తే మగోళ్ళు పారిపోయిండ్రు, నీలమ్మ ఒక్కతే బురుజెక్కి గంపెడు ఎండుమిర్చికి నిప్పు పెట్టింది, గుర్రాలు తుమ్ముకుంట మళ్ళినయి అని అంతా చెప్పిన. అవ్వల కాలం నుంచి వచ్చిన పాటల అబద్ధం ఉంటదా అని కూడ అడిగిన.

గోడవార కొంగులు నోళ్ళకు అడ్డం పోయినయి. రచయిత మాత్రం నవ్వలే.

"నీలమ్మ మా అత్త పేరు, అన్నా. బురుజు గోడలకు గుండ్ల దెబ్బలున్నయి గని, దండును ఆపినోళ్ళ పేర్లు ఎంత వెతికినా దొరకలే. ఒక్క పేరన్న ఉండాలె అనిపించి, ఆమె పేరే నవలల పెట్టిన. మిర్చి పొగ కూడ ఆమెదే. ఆమె వంటింట్ల వేయిస్తే నేను వాకిట్ల దగ్గుత."

సత్తవ్వ దిక్కు చూసిన. కోడలు చదివిన కథ విని పాట కట్టింది ఆమెనేనట.

"మంచిగుంటే పాడినం. పాతదని నీకెవలు చెప్పిండ్రు?" అన్నది.

ఇంకా బంద్ పెట్టమంటవా అని కమిటీ పెద్ద అడిగిండు. పత్రిక రానియ్యిండ్రి అన్న. అంతటితోని వదలలే. కోడలు పురుటికి తల్లిగారింటికి పోతున్నది, వచ్చేదాక చదివి వినిపించే పని నాదేనని సత్తవ్వ అక్కడనే తీర్పు చెప్పింది.

నిన్న చదవవట్టిన. నీలమ్మ వానల తడుసుకుంట బురుజు కిందికి వచ్చింది, ఆమె కోసమే నిలవడ్డ సిపాయి ఆమె చెయ్యి పట్టుకున్నడు. సిగ్గుకు నా గొంతు దానంతటదే తగ్గింది.

"జర గట్టిగ సదువు, మగ్గం సప్పుడుల ఇనవడ్తలే" అన్నది సత్తవ్వ.

గట్టిగనే చదివిన. బజార్ల పోయేటోళ్ళు కూడ ఆగి విన్నరు.